మన వెబ్‌సైటు వాకిలి ఎటువైపు?

స్త్రీల సంస్థలకు వెబ్‌సైటు అవసరమా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. జిల్లా కేంద్రంలో రెండు గదుల ఆఫీసు నడిపే చిన్న సంస్థకు కూడా ఇవాళ ఒక వెబ్‌సైటు ఉంది. అయితే ఆ వెబ్‌సైటు ఎవరి కోసం, అందులో ఏ పేజీలుండాలి, ఏ వరుసలో ఉండాలి, దాని రూపురేఖల్ని ఎవరు నిర్ణయించాలి అన్న చర్చ మాత్రం మనలో సరిగ్గా మొదలు కాలేదు. ఒక కరపత్రం వెయ్యాలంటే గంటల తరబడి వాదించుకుంటాం. 'బాధితురాలు' అనాలా, 'హింసను ఎదుర్కొన్న స్త్రీ' అనాలా అని ఒక్కొక్క మాటనూ తూచి వాడతాం. పోస్టరు మీద బొమ్మ వేయించేటప్పుడు అందులో స్త్రీ తల వంచుకుని ఉండాలా, ఎత్తుకుని ఉండాలా అని తర్కించుకుంటాం. అదే వెబ్‌సైటు దగ్గరకొచ్చేసరికి 'అది టెక్నికల్ విషయం, ఆ అబ్బాయి చూసుకుంటాడు' అని వదిలేస్తాం. ఇలా వదిలెయ్యటం కూడా ఒక రాజకీయ నిర్ణయమేననీ, దాని ఫలితాన్ని మన దగ్గరకు రావలసిన స్త్రీలు అనుభవిస్తున్నారనీ నా అభిప్రాయం.

స్త్రీల సమస్యలపై పనిచేసే స్వచ్ఛంద సంస్థల వెబ్‌సైట్లను, రెండు తెలుగు రాష్ట్రాల్లోవీ, కొంతకాలంగా వరసపెట్టి చూస్తున్నాను. పేర్లు మారతాయి, రంగులు మారతాయి, అమరిక మాత్రం దాదాపు ఒక్కటే. పైన అడ్డంగా ఒక మెనూ. అందులో 'హోమ్', 'మా గురించి', 'మా లక్ష్యం', 'మా ప్రాజెక్టులు', 'గ్యాలరీ', 'మా దాతలు', 'విరాళం ఇవ్వండి', 'సంప్రదించండి'. ఇవన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. మొదటి పేజీ నిండా పెద్ద ఫోటో, దాని కింద 'ఇన్ని గ్రామాలు, ఇంతమంది లబ్ధిదారులు' అని గిర్రున తిరిగి ఆగే అంకెలు. కొన్నిటిలోనైతే సాఫ్ట్‌వేరుతోపాటు నమూనాగా వచ్చే 'హలో వరల్డ్' అనే మొదటి టపా కూడా తీసెయ్యకుండా అలాగే ఉంది. భర్త కొట్టి ఇంట్లోంచి గెంటేసిన స్త్రీ ఈ మెనూలో ఏ మాట మీద వేలు పెట్టాలి? తనకు కావలసింది 'మా ప్రాజెక్టులు' కింద ఉందో, 'మా లక్ష్యం' కింద ఉందో ఆమెకు ఎలా తెలుస్తుంది?

ఈ అమరికను ఎవరూ కూర్చుని ఆలోచించి ఎంచుకున్నట్టు కనిపించదు. అది థీమ్‌తో పాటు వచ్చింది. థీమ్ అంటే వెబ్‌సైటుకు ముందే కుట్టి పెట్టిన దుస్తులని అనుకోవచ్చు. అక్షరాల సైజు, రంగులు, మెనూ స్థానం, ఫోటో ఎంత పెద్దగా కనబడాలి, ఏ పెట్టె పక్కన ఏ పెట్టె ఉండాలి అన్నవి అందులో ముందే నిర్ణయమై ఉంటాయి. మన సంస్థల్లో చాలావాటి వెబ్‌సైట్లు వర్డ్‌ప్రెస్‌ మీద నడుస్తున్నాయి. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా దాని మీదే నడుస్తున్నాయని లెక్క. 2003లో మొదలైన ఈ సాఫ్ట్‌వేరు ఉచితం. అంతకంటే ముఖ్యంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని ఇతరులకు పంచవచ్చు. 2005 ఫిబ్రవరిలో వచ్చిన దాని 1.5 వెర్షన్లో రెండు సదుపాయాలు ఒకేసారి చేరాయి. ఒకటి థీమ్‌లు, రెండోది 'పేజీలు'. అంతకుముందు దానిలో తేదీల వరసలో వచ్చే టపాలు మాత్రమే ఉండేవి. కొత్తది వచ్చినకొద్దీ పాతది కిందకు జారిపోయేది. తేదీతో సంబంధం లేకుండా ఎప్పటికీ ఒకే చోట నిలిచి ఉండేది పేజీ. కాబట్టి ఏది టపాగా రాయాలి, దేనికి పేజీ ఇవ్వాలి అన్నది అసలు ప్రశ్న. జరిగిపోయే సంగతి ఏది, నిలిచి ఉండవలసిన సంగతి ఏది అని మనం తేల్చుకోవాలి. మహిళా దినోత్సవ సభ ఫోటోలు టపాగా రావచ్చు. గృహహింస చట్టం కింద ఫిర్యాదు ఎలా చెయ్యాలన్నది పేజీగా ఉండాలి. మన వెబ్‌సైట్లలో ఎక్కువ చోట్ల ఇది తలకిందులుగా ఉంది. సభల ఫోటోలకు శాశ్వత స్థానం దొరికింది. చట్టం గురించి ఎప్పుడో రాసిన నాలుగు మాటలు టపాల అడుగున ఎక్కడో పడి ఉన్నాయి.

వాచకంలో ఒక పేజీ చేరితే ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా కార్యక్రమంలో చదువుకున్న స్త్రీల పుస్తకాల్లో సారా వల్ల చితికిపోయిన సంసారం గురించి, సారా దుకాణాన్ని ఎత్తివేయించిన దూబగుంట స్త్రీల గురించి పాఠాలు చేరాయి. రాత్రి బడిలో అక్షరాలు కూడబలుక్కుంటున్న స్త్రీలు అందులో తమ బతుకును చదువుకున్నారు. ఉద్యమం ఊరి నుంచి ఊరికి పాకటంలో ఆ పాఠాల పాత్ర ఉంది. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించక తప్పలేదు. ఉద్యమాన్ని పాఠం సృష్టించిందని నేననటం లేదు. చదివే స్త్రీని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసిన పేజీకి ఎంత బలం ఉంటుందో చెప్పటానికే దాన్ని గుర్తు చేస్తున్నాను. మన వెబ్‌సైట్ల పేజీలు ఎవరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినవి?

ఈ ప్రశ్నకు జవాబు థీమ్‌ల లోపలే దొరుకుతుంది. బజారులో దొరికే థీమ్‌లలో ఎక్కువ భాగం వ్యాపారం కోసం తయారైనవి. అందుకే వాటిలో 'మా సేవలు', 'మా ఖాతాదారులు', 'వారేమంటున్నారు' అన్న పెట్టెలు ముందే ఉంటాయి. స్వచ్ఛంద సంస్థల కోసమని అమ్మే థీమ్‌లలో వీటికి తోడు పెద్ద విరాళం బటన్, జాలి గొలిపే ఒక ముఖం ఉంటాయి. ఖాళీ పెట్టె కనిపిస్తే దాన్ని నింపాలనిపిస్తుంది. 'వారేమంటున్నారు' అన్న పెట్టె ఉంది కాబట్టి మన దగ్గర సహాయం పొందిన స్త్రీల చేత నాలుగు కృతజ్ఞతా వాక్యాలు చెప్పించి అందులో పెడతాం. అంకెల పెట్టె ఉంది కాబట్టి స్త్రీలను అంకెలుగా మారుస్తాం. రెండేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి, ఓడి, మళ్లీ అప్పీలుకు వెళ్లిన స్త్రీ అనుభవం ఆ పెట్టెలో పట్టదు. కాబట్టి అది వెబ్‌సైటులో ఉండదు. మన పనిలో కష్టమైనదీ, విలువైనదీ ఇలా కంటికి కనబడకుండా పోతుంది.

బొమ్మల సంగతి ఇంకా విచారకరం. 'స్త్రీలపై హింస' అని వెతికితే దొరికే రెడీమేడ్ ఫోటోల్లో ఒక స్త్రీ చీకటి గదిలో మూలన ముడుచుకుని మొహాన్ని చేతుల్లో దాచుకుని ఉంటుంది. ఆమె మీదుగా పిడికిలి బిగించిన ఒక నీడ. పత్రికలు ఇలాంటి బొమ్మలు వేస్తే ఉత్తరాలు రాసి నిరసన తెలిపిన మనమే వాటిని మన మొదటి పేజీలో పెట్టుకుంటున్నాం. సిగ్గుపడవలసింది ఆమేనన్నట్టు చూపించే ఆ బొమ్మను చూసి ఏ స్త్రీ 'ఇది నా చోటు' అనుకుంటుంది?

ఇక మన భాష. తెలుగు లిపికి యూనికోడ్ మొదటి వెర్షన్లోనే, 1991లోనే, స్థానం దొరికింది. ఇన్నేళ్లయినా చాలా సంస్థలు తమ తెలుగు కరపత్రాలను, నివేదికలను డీటీపీ కేంద్రం పాత ఫాంట్లలో కొట్టి ఇచ్చిన పీడీఎఫ్‌గానో, ఫోటోగానో వెబ్‌సైటులో పెడుతున్నాయి. ఇలా పెట్టిన తెలుగు వెతికితే దొరకదు. చూపు లేని స్త్రీ ఫోనులోని స్క్రీన్ రీడరు దాన్ని చదివి వినిపించలేదు. చిన్న ఫోను తెర మీద దాన్ని అటూ ఇటూ జరుపుకుంటూ చదవటం చూపున్నవాళ్లకే కష్టం. థీమ్‌లు రోమన్ అక్షరాల కొలతలతో తయారవుతాయి కనుక వాటిలో తెలుగు పెట్టగానే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. శీర్షికల్లో అక్షరాల మధ్య ఖాళీ పెంచే అమరిక ఉంటే సంయుక్తాక్షరాలు విడిపోయినట్టు కనిపిస్తాయి. ఇవన్నీ పది నిమిషాల్లో సరిదిద్దుకోగలిగినవే. వరసల మధ్య దూరం పెంచాలి, అక్షరాల మధ్య ఖాళీని సున్నా చెయ్యాలి, అక్షరాల సైజు కాస్త పెంచాలి. కొత్త పేజీకి తెలుగులో శీర్షిక పెడితే దాని చిరునామా కూడా తెలుగులోనే తయారై, వాట్సాప్‌లో అతికించేసరికి అంకెలూ శాతం గుర్తులతో బారెడు పొడవు అవుతుంది. చిరునామాను మాత్రం పొట్టిగా రోమన్ లిపిలో మార్చి పెడితే ఆ చిక్కు తీరుతుంది. ఇవి చెప్పేవాళ్లు లేకనే 'తెలుగులో పెడితే బాగా కనబడటం లేదు మేడమ్' అన్న ఒక్క మాటతో చాలాచోట్ల తెలుగు పేజీలు ఆగిపోయాయి.

ఫాంట్ల పేర్లు కూడా ఒకసారి చూడండి. గూగుల్ ఉచితంగా ఇస్తున్న తెలుగు ఫాంట్లలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ, గురజాడ, గిడుగు, ఎన్టీఆర్ ఉన్నారు. మొల్ల లేదు. తరిగొండ వెంగమాంబ లేదు. ముద్దుపళని సంగతి సరేసరి. పలు భారతీయ లిపులకు ఒకే కుటుంబంగా తయారైన మరో ఫాంటు పేరు బలూ. దాని తెలుగు రూపం 'బలూ తమ్ముడు'. గుజరాతీకి భాయ్, బెంగాలీకి దా, తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, పంజాబీకి పాజీ. లిపులన్నీ అన్నదమ్ములే, అక్కచెల్లెళ్లు ఎవరూ లేరు. ఇది నవ్వుకుని వదిలెయ్యదగిన విషయమే కావచ్చు. కాని 'టెక్నాలజీకి స్త్రీ పురుష భేదం లేదు' అని మనకు తరచు చెప్పేవాళ్లకు ఈ జాబితా చూపించవచ్చు.

పైవన్నీ రూపానికి సంబంధించినవి. ఇప్పుడు చెప్పబోయేది ప్రాణానికి సంబంధించినది.

నేను చూసిన ఒక సంస్థ గ్యాలరీలో, ఆశ్రయ గృహంలో ఉంటున్న స్త్రీల కుట్టు శిక్షణ ఫోటోలు ఉన్నాయి. ముఖాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. వెనుక కిటికీలోంచి ఎదురు భవనం మీది దుకాణం బోర్డు కూడా చదవవచ్చు. ఆ స్త్రీలలో భర్త నుంచి పారిపోయి వచ్చి తలదాచుకున్నవాళ్లు ఉన్నారు. దాతల కోసం ఫోటోలు తప్పవని సంస్థ బాధ్యురాలు నాకు వివరించారు. ఆమె స్త్రీల పట్ల బాధ్యత లేని మనిషి కాదు. గ్యాలరీ పేజీ ఉంది, దాన్ని నింపాలి, దాతకు చూపించాలి. ఆ పేజీని ఆశ్రయంలో ఉన్న స్త్రీ భర్త కూడా చూడగలడన్న ఆలోచన ఆ వరసలో ఎక్కడా రాలేదు. అత్యాచారానికి గురైన స్త్రీ గుర్తింపు బయటపడేలా ఏదైనా ప్రచురించటం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం. 2024 జూలై 1కి ముందు ఇదే భారత శిక్షాస్మృతి 228-ఎ సెక్షన్‌గా ఉండేది. పేరు రాయకపోతే సరిపోదనీ, ఆమెను గుర్తుపట్టటానికి ఏ కొంచెమైనా తోడ్పడే వివరమేదీ వెల్లడించకూడదనీ 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 'మా విజయగాథలు' పేజీలో పేరు మార్చి ఊరి పేరు, కులం, వృత్తి, పిల్లల సంఖ్య అన్నీ రాస్తే ఆ ఊళ్లో అందరికీ ఆమె ఎవరో తెలిసిపోతుంది. గృహహింస కేసుల్లో చట్టం ఇంత కచ్చితంగా చెప్పకపోయినా మన నైతిక బాధ్యత అంతే ఉంటుంది.

వెబ్‌సైటును చూసే స్త్రీ భద్రత మరో సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 33.3 శాతం, పురుషులు 57.1 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఆ తర్వాత ఈ అంకెలు పెరిగే ఉంటాయి. అయినా ఇంట్లో ఫోను ఎవరిది, దాన్ని ఎవరెవరు తెరిచి చూస్తారు అన్నది అంకెల్లో కనబడదు. భర్త ఫోనులోనో, కొడుకు ఫోనులోనో మన పేజీ తెరిచే స్త్రీకి ఆ పేజీని ఒక్క వేలితో మూసేసే వీలుండాలి. ఇంగ్లండులో ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం తయారుచేసిన నమూనాల్లో 'ఈ పేజీ నుంచి బయటపడండి' అనే బటన్ ఉంది. నొక్కగానే మామూలు పేజీ ఏదో తెరుచుకుంటుంది. మన థీమ్‌లో కూడా ఇలాంటి బటన్ పెట్టుకోవచ్చు. కాని అది ఫోనులో మిగిలిపోయిన చరిత్రను చెరపదు. ఆ చరిత్రను ఎలా తుడిచెయ్యాలో తెలుగులో నాలుగు వాక్యాల్లో అక్కడే చెప్పాలి. 'మమ్మల్ని సంప్రదించండి' అన్న ఫారంలో ఆమె రాసింది ఎక్కడ దాచబడుతుంది, ఎవరి ఈమెయిలుకు పోతుంది, ఎన్నాళ్ల తర్వాత తీసేస్తారు అన్నది కూడా చెప్పాలి. వ్యక్తిగత సమాచార రక్షణ కోసం 2023లో చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. గోప్యత గురించిన పేజీకి వర్డ్‌ప్రెస్ 2018 నుంచి ఒక ముసాయిదాను తనంతట తానే ఇస్తోంది. మన వెబ్‌సైట్లలో చాలాచోట్ల ఆ ముసాయిదా అచ్చు వేయని ప్రతిలా లోపలే పడి ఉంది.

అయితే ఏయే పేజీలు ఉండాలి? నాకు తోచినవి చెప్తాను. మొదటిది, 'ఇప్పుడే సహాయం కావాలి' అన్న పేజీ. ఇది మెనూలో మొదట, తెలుగులో ఉండాలి. మన ఆఫీసు నంబరు, అది పనిచేసే వేళలు, ఆ వేళలు కాకపోతే 181, అత్యవసరమైతే 112, ఉచిత న్యాయ సహాయానికి 15100, సైబర్ నేరాలకు 1930, జిల్లాలోని సఖి కేంద్రం ఎక్కడుందో గుర్తులతో సహా ఉండాలి. నంబరు మీద వేలు పెడితే నేరుగా ఫోను కలవాలి. ఈ పేజీలో ఫోటో ఒక్కటి కూడా అక్కర్లేదు. నెలకొకసారి ఎవరో ఒకరు ఆ నంబర్లన్నిటికీ ఫోను చేసి పనిచేస్తున్నాయో లేదో చూడాలి. రెండోది, చట్టాన్ని మెట్టు మెట్టుగా చెప్పే పేజీలు. గృహహింస చట్టం కింద స్త్రీ తాను తాత్కాలికంగా తలదాచుకున్న ఊళ్లో కూడా దరఖాస్తు చెయ్యవచ్చుననీ, సాధారణంగా మూడు రోజుల్లో మొదటి విచారణ జరగాలనీ, ఆ తర్వాత 60 రోజుల్లో దరఖాస్తును తేల్చటానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలనీ చట్టంలో ఉంది. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టం నుంచీ ఉంది. ఇవి తెలిసిన స్త్రీ స్టేషనులో 'ఇది మా పరిధి కాదు' అన్న మాట విని తిరిగి రాదు.

మూడోది మన మీదే మనం పెట్టుకోవలసిన పేజీ. పదిమంది లేక అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థలోనూ లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది. కమిటీ సభ్యుల వివరాలు, ఫోను నంబర్లు, ఈమెయిళ్లు, ఫిర్యాదు చేసే పద్ధతి వెబ్‌సైటులో సులువుగా దొరికేలా ఉంచాలని 2023 మే 12న ఆరీలియానో ఫెర్నాండెజ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కళాశాలలను, కంపెనీలను ఈ విషయంలో నిలదీసే మనం మన వెబ్‌సైట్లలో ఆ పేజీ పెట్టామా? నేను చూసినవాటిలో అది అరుదుగా కనిపించింది. నాలుగోది, జమాఖర్చుల పేజీ. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌ను చూపించి ప్రభుత్వ కార్యాలయాలు తమంతట తామే వివరాలు బయటపెట్టాలని అడుగుతున్నవాళ్లం, అడగకముందే మన లెక్కలు చూపించటంలో వెనకాడకూడదు. ఐదోది, మన చరిత్ర. పాత కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికలు, పాటల పుస్తకాలు బీరువాల్లో చెదలు పడుతున్నాయి. వాటిని మళ్లీ యూనికోడ్‌లో టైపు చేయించి సంవత్సరాల వారీగా పేజీలుగా పెడితే కొత్త తరం కార్యకర్తలకు మనం ఎక్కడి నుంచి వచ్చామో తెలుస్తుంది.

ఈ పేజీలు అందరికీ అందాలంటే థీమ్‌ను కూడా ఆ దృష్టితోనే ఎంచుకోవాలి. తెల్లటి తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు అందంగా ఉన్నాయని డిజైనర్లు మురిసిపోతారు. మామూలు సైజు అక్షరాలకూ, వాటి వెనుక రంగుకూ మధ్య కనీసం 4.5కి 1 నిష్పత్తిలో తేడా ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. మొదటి పేజీలో జారిపోయే పెద్ద ఫోటోలు సిగ్నలు సరిగా లేని ఊళ్లో తెరుచుకునేసరికి ఆమె ఓపిక, డేటా రెండూ అయిపోతాయి. ఫోటోలన్నిటికీ చూపు లేనివాళ్ల కోసం వివరణ రాయాలి. ఆమ్ల దాడికి గురైన స్త్రీలు, చూపు లేనివారు బ్యాంకు గుర్తింపు ప్రక్రియలో ఎదురవుతున్న ఆటంకాల గురించి వేసిన కేసుల్లో, డిజిటల్ సేవలు అందుకోవటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును మెచ్చుకుంటూ మనం రాసే వ్యాసం చూపు లేని స్త్రీ చదవలేని పేజీలో ఉండటం బాగుండదు.

చివరిగా తాళంచెవి సంగతి. వెబ్‌సైటు పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది? డొమైన్ పేరు ఎవరి పేరు మీద నమోదైంది? చాలాచోట్ల దాన్ని తయారుచేసిన కుర్రవాడి పేరు మీదో, బాధ్యురాలి బంధువు ఈమెయిలు మీదో ఉంటుంది. అతను ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు. ఏటా కట్టవలసిన కొద్దిపాటి డబ్బు కట్టాలని గుర్తుచేసే ఉత్తరాలు అతనికే పోతాయి. గడువు దాటుతుంది. ఆ పేరును ఇంకెవరో కొనుక్కుంటారు. స్త్రీల సంస్థ చిరునామా కొడితే జూదం ప్రకటనలు కనబడిన సందర్భాన్ని నేను స్వయంగా చూశాను. భూమి పట్టా స్త్రీ పేరు మీద ఉండాలని పోరాడే మనం మన వెబ్‌సైటు పట్టా ఎవరి పేరు మీద ఉందో చూసుకోకపోవటం విచిత్రం.

దీని వెనుక పాత శ్రమ విభజనే ఉంది. ఆఫీసులో తెలుగు టైపు చేసేది, ఫోటోలకు వ్యాఖ్యలు రాసేది, నివేదికలు తయారుచేసేది స్త్రీలు. వెబ్‌సైటు 'తెలిసినవాడు' పురుషుడు. ఆమె పని గుమాస్తా పని, అతనిది సాంకేతిక పరిజ్ఞానం. వంటింట్లో స్త్రీ చేసేది ఇంటి పని, హోటల్లో పురుషుడు చేసేది నైపుణ్యం అన్న తేడా లాంటిదే ఇది. నిజానికి కొత్త పేజీ చేర్చటం, శీర్షిక పెట్టటం, దాన్ని మెనూలో కలపటం ఒక్క పూటలో నేర్చుకోదగిన పని. పేజీ రాసి ప్రచురించినంత మాత్రాన అది మెనూలోకి వచ్చి తీరుతుందన్న భరోసా లేదనీ, దాన్ని విడిగా చేర్చవలసి రావచ్చుననీ తెలిస్తే సగం పని తెలిసినట్టే. థీమ్ మార్చినా రాసిన పేజీలు, టపాలు చెరిగిపోవనీ, మెనూల అమరిక మాత్రం మళ్లీ సరిచూసుకోవలసి రావచ్చుననీ తెలిస్తే భయం పోతుంది. థీమ్ అసలు ఫైళ్లలో నేరుగా మార్పులు చేస్తే తర్వాతి అప్‌డేట్‌లో అవి కొట్టుకుపోతాయి. అందుకే మార్పులను చైల్డ్ థీమ్ అనే విడి పొరలో చేస్తారు. 2022 జనవరి నుంచి వచ్చిన కొత్త తరహా థీమ్‌లలో కోడు రాయకుండానే తెర మీదే చాలావరకు మార్చుకోవచ్చు. స్వయం సహాయక సంఘాల లెక్కల పుస్తకాలు రాస్తున్న స్త్రీలకు ఇది కొరుకుడుపడని విద్య కాదు.

'ఇప్పుడు అంతా వాట్సాపే కదా, వెబ్‌సైటు ఎవరు చూస్తారు?' అని కొందరు మిత్రులు అంటున్నారు. వాట్సాపులో మనకు ముందే తెలిసినవాళ్లకు మాత్రమే చేరతాం. మన గురించి తెలియని స్త్రీ, ఎవరినీ అడగలేని స్త్రీ వెతుక్కునేది వెబ్‌లోనే. పైగా వాట్సాపులో పెట్టింది సాయంత్రానికి కిందకు పోతుంది. ఇతర సామాజిక మాధ్యమాల్లో మన ఖాతా ఎప్పుడు మూతపడుతుందో మన చేతిలో లేదు. ఇక 'దాతల కోసమైనా ఇంగ్లీషు పేజీలు కావాలి కదా' అనేవారికి నా జవాబు, ఉండనివ్వండి. దాతలు రెండో గుమ్మంలోంచి రాగలరు. వాళ్లకు వెతుక్కునే తీరిక, చదువు, మంచి ఫోను ఉన్నాయి. మొదటి గుమ్మం ఇవేమీ లేని స్త్రీకి ఉండాలి.

అందుకని ప్రతి సంస్థా తన తర్వాతి కార్యవర్గ సమావేశంలో ఒక గంట దీనికి కేటాయించాలని నా సూచన. వెబ్‌సైటును గోడ మీద కాకుండా ఒక మామూలు ఫోనులో తెరిచి చూడండి. క్షేత్రస్థాయి కార్యకర్తను, వీలైతే సంస్థ సహాయం పొందిన ఒక స్త్రీని ఆ ఫోను పట్టుకోమనండి. 'మా ఆయన కొట్టాడు, ఎవరికి ఫోను చెయ్యాలి' అన్నదానికి జవాబు దొరకటానికి ఆమెకు ఎన్నిసార్లు వేలు పెట్టవలసి వచ్చిందో లెక్కపెట్టండి. ప్రమాదకరమైన ఫోటోలను అదే రోజు తీసెయ్యండి. పాస్‌వర్డు, డొమైన్ వివరాలను మినిట్స్ పుస్తకంతో పాటు సంస్థ ఆస్తిగా రాసిపెట్టుకోండి. ఇద్దరు కార్యకర్తలకు పేజీలు చేర్చటం నేర్పించండి. నా జాబితాలో లేని పేజీలు వాళ్ల అనుభవం నుంచి తప్పకుండా వస్తాయి. కౌలు రైతు స్త్రీలతో పనిచేసేవాళ్లకు, బీడీ కార్మికులతో పనిచేసేవాళ్లకు, ట్రాన్స్ స్త్రీలతో పనిచేసేవాళ్లకు కావలసిన పేజీలు వేరుగా ఉంటాయి. వాటి గురించి వాళ్లే రాయాలి, ఈ చర్చను ముందుకు తీసుకెళ్లాలి.